అమెరికా స్త్రీల ఓటు హక్కు పోరాటంలో జాతి వివక్ష: ఎత్తుగడా, నమ్మకమా?

కృష్ణాతీరం

మా ఊరి తెలుగు సంఘం ఈ ఏడాది వెలువరిస్తున్న ప్రత్యేక సంచిక కోసం, అమెరికా స్త్రీలు ఓటు హక్కు సాధించుకున్న చరిత్ర మీద ఒక వ్యాసం రాశాను. 1848 జులైలో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్‌లో జరిగిన సభతో మొదలుపెట్టి, 1920 ఆగస్టులో 19వ రాజ్యాంగ సవరణ ఆమోదం పొందడంతో ముగించాను. నల్లజాతి పురుషులకు ఓటు హక్కునిచ్చిన 15వ సవరణను స్త్రీల ఓటు ఉద్యమ నాయకురాళ్లు ఎలిజబెత్ కేడీ స్టాంటన్, సూజన్ బి. ఆంథొనీ వ్యతిరేకించిన సంగతికి మధ్యలో రెండు పేరాలు కేటాయించాను. ఆ వాదంలో స్టాంటన్ నల్లవారి గురించీ, ఐర్లండ్, జర్మనీ, చైనాల నుంచి వలస వచ్చినవారి గురించీ రాసిన హీనమైన మాటలను కూడా ప్రస్తావించాను. సంపాదకవర్గం ఆ రెండు పేరాలనూ ఎత్తివేసింది. "అది ఆనాటి ఎత్తుగడే తప్ప వారి నమ్మకం కాదు, పండుగ సంచికలో పెద్దవాళ్ల మీద బురద ఎందుకు" అన్నది వారి సమాధానం.

పేరాలు పోయినందుకు కోపం లేదని చెప్పను. కానీ నేను ఇక్కడ అడగదలచింది వేరు. ఆ ఎత్తుగడ అన్న మాట చరిత్ర ముందు నిలుస్తుందా? ఈ విషయం చదివినవారు వివరంగా రాస్తే సంతోషిస్తాను.

లెక్కలమాస్టారు

ఆ రెండు పేరాల చోటులో ఏ స్థిరాస్తి వ్యాపారి ప్రకటన వచ్చిందో కూడా చెప్పండి. ప్రత్యేక సంచికల చరిత్రలో అదీ ఒక అధ్యాయమే.

పాతసంచిక

ఎత్తుగడ అనే వాదం గాలిలోంచి పుట్టింది కాదు కనుక, ముందు దాని బలమేమిటో చూద్దాం. స్టాంటన్, ఆంథొనీ ఇద్దరూ బానిసత్వ నిర్మూలన ఉద్యమం నుంచి వచ్చినవారే. అంతర్యుద్ధం నడుస్తుండగా 1863లో స్త్రీల సంఘాన్ని ఒకదాన్ని స్థాపించి, రాజ్యాంగ సవరణ ద్వారా బానిసత్వాన్ని రద్దు చేయాలని కోరుతూ దాదాపు 4 లక్షల సంతకాలు సేకరించారు. యుద్ధం ముగిసిన 1865లో వెండెల్ ఫిలిప్స్ వంటి పాత సహచరులు, ఇప్పుడు వంతు నల్లవారిది, స్త్రీల సంగతి తరువాత చూద్దామన్నారు. అప్పుడు స్టాంటన్, ఆఫ్రికా జాతిలో ఉన్నవాళ్లంతా మగవాళ్లేనని మీరు నమ్ముతున్నారా అని ఎదురడిగారు. ఆ ప్రశ్నలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. 1868లో ఆమోదం పొందిన 14వ సవరణ, ఓటర్ల ప్రస్తావన వచ్చినచోట 'పురుషులు' అని రాసి, లింగభేదాన్ని రాజ్యాంగంలోకి మొదటిసారి బాహాటంగా తెచ్చింది. ఆ దెబ్బ తిన్నవారి ఆగ్రహం మనకు అర్థం కావాలి.

ఆ తరువాత జరిగినదాన్ని మాత్రం నేను సమర్థించలేను. 1867లో కాన్సస్‌లో నల్లజాతి పురుషుల ఓటు, స్త్రీల ఓటు అనే రెండు ప్రతిపాదనలూ ఒకేసారి ప్రజల ముందుకు వచ్చి, రెండూ ఓడిపోయాయి. ఆ ప్రచారంలో వీరిద్దరూ జార్జ్ ఫ్రాన్సిస్ ట్రెయిన్ అనే ధనికుణ్ణి పక్కన పెట్టుకున్నారు. నల్లవారిని వేదిక మీదే ఎగతాళి చేస్తూ ఓట్లడగడం అతని పద్ధతి. అతని డబ్బుతోనే 1868 జనవరిలో 'రివల్యూషన్' పత్రిక మొదలైంది. నల్లజాతి పురుషులకు ముందుగా ఓటిస్తే స్త్రీల మీద, ముఖ్యంగా బానిసత్వం సాగిన దక్షిణాది రాష్ట్రాలలో, ఘోరాలు జరుగుతాయని స్టాంటన్ హెచ్చరించింది ఆ పత్రికలోనే. తరువాతి దశాబ్దాలలో మూకహత్యలకు చెప్పిన సాకు కూడా అచ్చంగా ఇదే.

రాజమండ్రి_రావు

పాతసంచిక గారి సమాచారంతో నాకు పేచీ లేదు, తీర్పుతోనే ఉంది. 19వ శతాబ్దపు మనుషులను 21వ శతాబ్దపు తూకంతో తూచడం న్యాయం కాదు. ఆనాడు అమెరికాలో తెల్లవారెవరు అలా మాట్లాడలేదు? స్త్రీకి ఆస్తి లేదు, ఓటు లేదు, సంపాదించిన జీతం మీద సైతం హక్కు అంతంతమాత్రం. అటువంటి స్థితిలో పోరాడేవారు దొరికిన ఊతకర్రనల్లా పట్టుకుంటారు. సంపాదకవర్గం పేరాలను తీసివేయడం తప్పే కావచ్చు గాని, వారు చెప్పిన కారణం మరీ అంత తీసిపారేయదగినది కాదు.

నల్లరేగడి

రావు గారూ, ఆనాటి తూకంతోనే తూద్దాం. 1869 మే నెలలో న్యూయార్క్‌లో, నల్లవారికీ స్త్రీలకూ కలిపి ఓటు కోరే సమాన హక్కుల సంఘం సభ జరిగింది. సెనెకా ఫాల్స్‌లో స్త్రీల ఓటు తీర్మానాన్ని చాలామంది ఆమోదించడానికి జంకుతున్నప్పుడు లేచి బలపరిచిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్, 21 ఏళ్ల తరువాత ఈ సభలోనూ లేచారు. న్యూయార్క్‌లో, న్యూ ఆర్లియన్స్‌లో స్త్రీలను స్త్రీలైనందుకే వేటాడి, ఇళ్లలోంచి ఈడ్చుకువచ్చి దీపస్తంభాలకు ఉరితీసే రోజు వస్తే, వారికీ మాకున్నంత తొందర ఉంటుందన్నారు. నల్లజాతి స్త్రీకి అలా జరగడం లేదా అని సభలోంచి ఎవరో అడిగారు. జరుగుతోంది, అయితే ఆమె స్త్రీ అయినందుకు కాదు, నల్లజాతి మనిషి అయినందుకు అని డగ్లస్ జవాబిచ్చారు. అదే వేదిక మీద స్త్రీల ఓటు ఉద్యమంలోని మరో నాయకురాలు లూసీ స్టోన్ ఆయనతో వాదిస్తూనే, ఆ భయంకరమైన గోతిలోంచి ఎవరు బయటపడినా నా ఆత్మ సంతోషిస్తుందన్నారు. లూసీ స్టోన్ తెల్లజాతి స్త్రీయే. ఆమెదీ ఆ శతాబ్దమే, ఆమెకూ ఓటు లేదు.

ఆ సభతో ఉద్యమం రెండుగా చీలిపోయింది. స్టాంటన్, ఆంథొనీ ఒక సంఘం పెట్టుకున్నారు. అదే ఏడాది నవంబరులో స్టోన్ వర్గం వేరే సంఘం పెట్టుకుంది. 1890 దాకా అవి కలవలేదు.

ఎత్తుగడ వాదానికి నా అసలు అభ్యంతరం ఇంకొకటి ఉంది. అవసరం తీరగానే ఎత్తుగడ కూడా ముగియాలి. 15వ సవరణ 1870లో ఆమోదం పొందింది, అంటే ఆ గొడవ అక్కడితో సరి. కానీ 1890లలో కూడా స్టాంటన్, చదువురానివారికి ఓటు ఉండకూడదని, ముఖ్యంగా వలస వచ్చినవారిని వడకట్టాలని రాస్తూనే ఉన్నారు. 1894లో ఆమె సొంత కుమార్తె హారియట్ స్టాంటన్ బ్లాచ్, తల్లితో విభేదిస్తూ పత్రికలో బహిరంగ లేఖ రాశారు. ఇంట్లో కూతురికే ఒప్పుకోబుద్ధికాని మాటను కాలధర్మం అనడం ఎలా?

పాతసంచిక

నల్లరేగడి గారు స్టోన్ వర్గాన్ని మరీ కడిగిన ముత్యంలా చూపిస్తున్నారు. ఆమె భర్త హెన్రీ బ్లాక్‌వెల్ 1867 జనవరిలో దక్షిణాది శాసనసభలను ఉద్దేశించి ఒక కరపత్రం ప్రచురించారు. మీ తెల్లజాతి స్త్రీలకు ఓటిస్తే నల్లవారి ఓట్ల బలం దానంతట అదే చప్పబడుతుందని అందులో లెక్క వేసి మరీ చూపించారు. 1890లో మిస్సిసిపీ రాష్ట్రం కొత్త రాజ్యాంగం రాసుకుంటున్నప్పుడు ఆస్తి ఉన్న స్త్రీలకు ఓటు ఇచ్చే ప్రతిపాదన చర్చకు కూడా వచ్చింది. చివరికి వారు ఓటు వేయాలంటే కట్టవలసిన తలపన్ను, రాజ్యాంగాన్ని చదివి అర్థం చెప్పే పరీక్ష వంటి దారులు ఎంచుకున్నారు. నల్లవారిని తప్పించడానికి స్త్రీలకు ఓటిచ్చే శ్రమ వారికి అక్కరలేకపోయింది.

ఇక రెండో వైపూ చెప్పాలి. 1869 చర్చలో నల్లజాతివారంతా డగ్లస్ పక్షాన లేరు. ఫిలడెల్ఫియాకు చెందిన రాబర్ట్ పర్విస్, తన కూతురికి రాని ఓటు తన కొడుక్కి ముందుగా రావడం తనకు సమ్మతం కాదన్నారు.

సందేహాలరాణి

ఇంతవరకు వచ్చిన సమాధానాలలో తెల్లజాతి స్త్రీలు ఉన్నారు, నల్లజాతి పురుషులు ఉన్నారు. నల్లజాతి స్త్రీ ఒక్క ప్రశ్నలో కనిపించి మాయమైపోయింది. ఈ చర్చ కూడా 1869 నాటి సభలాగే నడుస్తున్నట్టుంది.

నల్లరేగడి

సరిగ్గా పట్టుకున్నారు. ఇద్దరి గురించి చెబుతాను. వారిద్దరి మాటా ఒకటి కాదు కనుకనే చెప్పాలనిపిస్తోంది.

మొదటివారు సోజర్నర్ ట్రూత్. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసగా పుట్టిన ఆమె, నల్లజాతి పురుషులకు మాత్రమే హక్కులు వచ్చి స్త్రీలకు రాకపోతే ఆ పురుషులే మాకు యజమానులవుతారని, పరిస్థితి మునుపటిలాగే ఉంటుందని 1867లో హెచ్చరించారు. ఈ మాటను స్టాంటన్ అభిమానులు తరచు వాడుకుంటారు. ట్రూత్ నల్లజాతి స్త్రీకీ కలిపి అడిగారు. స్టాంటన్ నల్లజాతి పురుషుణ్ణి కించపరిచి అడిగారు. రెండింటినీ ఒకే గాటన కట్టడం కుదరదు.

రెండవవారు ఫ్రాన్సిస్ ఎలెన్ వాట్కిన్స్ హార్పర్. కవయిత్రి, ఉపన్యాసకురాలు, బానిసత్వం ఎరుగని స్వేచ్ఛాకుటుంబంలో పుట్టినవారు. 1866 మేలో న్యూయార్క్ సభలో ఆమె తన ఇంటి కథతో ప్రారంభించారు. భర్త అప్పులతో చనిపోగా, ఆస్తి లెక్క చూడవచ్చిన అధికారి ఆమె వెన్న తీసి బతికే పాలకుండలను, బట్టలుతికే తొట్లను సైతం చేతుల్లోంచి లాక్కుపోయాడట. మిగిల్చింది ఒక అద్దం. నేను పోయి ఆయన మిగిలి ఉంటే ఇలా జరిగేదా అని అడిగారు. అంతవరకు సభలోని తెల్లజాతి స్త్రీలందరికీ ఆమె తమ మనిషే. ఆ వెంటనే ఆమె ట్రాము బండ్ల సంగతి ఎత్తుకున్నారు. వందలమందిని బానిసత్వం నుంచి తప్పించిన హారియట్ టబ్‌మన్‌ను కండక్టరు బండిలోంచి బలవంతాన దింపబోతే, ఆ పెనుగులాటలో ఆమె చేతులు వాచిపోయాయని చెప్పారు. మీరు హక్కుల గురించి మాట్లాడుతున్నారు, నేను అన్యాయాల గురించి మాట్లాడుతున్నాను అన్నది ఆ ఉపన్యాసంలోని మాటే. 1869లో ఎంచుకోక తప్పని స్థితి వచ్చినప్పుడు ఆమె డగ్లస్ పక్కన నిలబడ్డారు. దేశం ఒక్క సమస్యనే మోయగలిగితే, మా జాతి పురుషుల దారికి నల్లజాతి స్త్రీలు గడ్డిపోచంత అడ్డు కూడా పెట్టరాదన్నారు.

షికాగో_శారద

హార్పర్ చెప్పిన ట్రాము బండి ఒక తరం తరువాత రైలుపెట్టె అయింది. 1880లలో టెనెసీలో ఐడా బి. వెల్స్ అనే నల్లజాతి యువ ఉపాధ్యాయిని టిక్కెట్టు కొనుక్కుని స్త్రీల పెట్టెలో కూర్చుంటే, కండక్టరు లేచి పొమ్మని చెయ్యి పట్టి లాగాడు. ఆమె అతని చేతిని కొరికారు. తరువాత రైల్వే కంపెనీ మీద దావా వేసి 500 డాలర్ల పరిహారం గెలిచారు గాని, 1887లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.

రావు గారి ఊతకర్ర మాటకు జవాబు ఈ వెల్స్ ఆత్మకథలోనే ఉంది. 1895లో స్త్రీల ఓటు హక్కు సంఘం వారు అట్లాంటాలో మహాసభ పెట్టుకున్నప్పుడు, దక్షిణాది తెల్లజాతి స్త్రీలు దూరమవుతారేమోనని డగ్లస్‌ను రావద్దని ఆంథొనీయే కోరారు. నల్లజాతి స్త్రీలు తమకొక శాఖ పెట్టుకుంటామంటే అదే కారణంతో సహాయం నిరాకరించారు. ఈ సంగతి స్వయంగా వెల్స్‌తో చెప్పి, నేను చేసింది తప్పంటావా అని అడిగారు. అవునని వెల్స్ మొహమాటం లేకుండా చెప్పారు. మీరు ఓటు హక్కుకు మేలు చేసుకుని ఉండవచ్చు, కానీ ఆ తెల్లజాతి స్త్రీల వేర్పాటు ధోరణిని స్థిరపరిచారు అన్నది ఆమె వివరణ.

డగ్లస్ ఆ ఫిబ్రవరి 20నే వాషింగ్టన్‌లో మరణించారు. ఆ రోజు పగలు ఆయన వెళ్లి వచ్చింది స్త్రీల మహాసభకే.

రాజమండ్రి_రావు

శారద గారు అదే ఆత్మకథలోని మరో సంఘటనను వదిలేశారు. వెల్స్ రాచెస్టర్‌లో ఆంథొనీ ఇంట అతిథిగా ఉన్నప్పుడు, ఆమె ఉత్తరాలు రాసిపెట్టమని ఆంథొనీ తన కార్యదర్శినికి పురమాయించారు. నల్లజాతి స్త్రీ చెబితే నేను రాసుకోను అని ఆ అమ్మాయి అన్నది. ఆంథొనీ ఆమెను అక్కడికక్కడే ఉద్యోగంలోంచి తీసివేశారు. ఇది జాత్యహంకారి చేసే పనేనా? స్టాంటన్ విషయంలో ఎత్తుగడ మాట నిలవదంటే కాదనను. ఆంథొనీ విషయంలో నిలుస్తుంది. ఆమెకు వ్యక్తిగతంగా అసహ్యం లేదు. సంఘాన్ని బతికించుకోవాలనే తాపత్రయంతో తల వంచారు.

షికాగో_శారద

ఆ సంఘటనను దాచాలని కాదు. నాకు అది ఆంథొనీ పక్షాన సాక్ష్యంగా కనిపించదు. తన ఇంట్లో గుమాస్తాను తీసివేయగలిగిన మనిషి, అట్లాంటాలో ఓటు హక్కు కోసం వచ్చిన పెద్దింటి స్త్రీల ముందు నోరెత్తలేదు. ఎదిరిస్తే నష్టం లేనిచోట ఎదిరించారు, నష్టం ఉన్నచోట డగ్లస్‌ను ఇంట్లో ఉండమన్నారు. ఆమెకు తెలియక జరిగింది కాదనడానికి గుమాస్తా కథే రుజువు.

లెక్కలమాస్టారు

నమ్మకమా, ఎత్తుగడా అనేది మనసులోకి తొంగిచూసే పని, అది నా చేతకాదు. ఎత్తుగడ అనే అనుకుందాం. అయితే లాభనష్టాలు చూడాలి కదా. నేను పట్టీ వేశాను.

దక్షిణాదిని దువ్వడం 1890లలో విధానంగా మారింది. 1895లో అట్లాంటా, 1903లో న్యూ ఆర్లియన్స్. ఆ 1903 మహాసభలో మిస్సిసిపీకి చెందిన బెల్ కియర్నీ, స్త్రీల ఓటు వల్ల తెల్లజాతి ఆధిపత్యం వెంటనే, శాశ్వతంగా స్థిరపడుతుందని వేదికెక్కి చెప్పారు. ఏ రాష్ట్ర శాఖ ఎవరిని చేర్చుకోవాలో ఆ శాఖ ఇష్టమేనని మహాసభ తేల్చింది. ఇది ఖర్చు పద్దు.

ఇప్పుడు జమ. బానిసత్వం కోసం యుద్ధం చేసిన 11 రాష్ట్రాలలో 19వ సవరణకు 1920లోగా ఆమోదం తెలిపినవి మూడే: టెక్సస్, ఆర్కన్సా, టెనెసీ. మిగిలిన ఎనిమిదీ మొండిచెయ్యి చూపాయి. వర్జీనియా 1952లో, అలబామా 1953లో, ఫ్లారిడా, దక్షిణ కరోలైనా 1969లో, జార్జియా, లూసియానా 1970లో, ఉత్తర కరోలైనా 1971లో, మిస్సిసిపీ 1984లో తీరిగ్గా ఆమోదించాయి. న్యూ ఆర్లియన్స్ మహాసభను దగ్గరుండి నడిపించిన కేట్ గోర్డన్, రాష్ట్రాల హక్కుల పేరుతో చివరికి ఈ సవరణకే వ్యతిరేకంగా ప్రచారం చేశారు. కెంటకీ నాయకురాలు లారా క్లే కూడా అదే పని చేశారు. సరుకు అరువిచ్చి, డబ్బుకు వెళితే కొనుగోలుదారుడే దుకాణం మూయించబోయిన కథ ఇది.

పాతసంచిక

మాస్టారి పట్టీలో ఒక పద్దు చేర్చాలి. సవరణ అమలులోకి రావడానికి 36 రాష్ట్రాల ఆమోదం కావాలి, ఆ 36వ రాష్ట్రం టెనెసీయే. అదీ దక్షిణాదే. ఆ ఒక్క రాష్ట్రం లేకపోతే 1920లో పని జరిగేది కాదు.

లెక్కలమాస్టారు

చేర్చాను. అయితే టెనెసీ గెలిచింది ఒక్క ఓటుతో. ఆ ఓటు వేసిన యువ శాసనసభ్యుడు హ్యారీ బర్న్ మనసు మార్చుకున్నది తల్లి రాసిన ఉత్తరం వల్ల. పాతికేళ్ల దక్షిణాది విధానానికి ఆ ఉత్తరం మీద హక్కు ఇవ్వలేను.

మితవాది

మన సంస్కరణోద్యమాలలో కులం సంగతి వదిలేసి ఎక్కడో అమెరికా గొడవ ఎందుకు అని అడగాలనిపిస్తోంది.

నిర్వాహకుడు

మితవాది గారు కులం మీద వేరే చర్చ ప్రారంభించవచ్చు, అది దీనికన్నా పెద్దదవుతుంది. ఇక్కడ విషయం మీదే ఉండవలసిందిగా మనవి.

నేటాల్_నాయుడు

అమెరికా దాకానే కాదు, తెలుగువారికి నేరుగా తగిలిన ఉదాహరణ ఉంది కనుక రాస్తున్నాను. మా పూర్వికులు మద్రాసు రేవులో ఓడ ఎక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా వచ్చినవారు. నేటాల్‌లో భారతీయులకు కొత్తగా ఓటు దక్కే దారిని 1896 చట్టం మూసివేసింది. 1930లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చింది. తెల్లజాతి స్త్రీలకు మాత్రమే. అప్పటికి కేప్ ప్రాంతంలో కొద్దిమంది నల్లజాతి పురుషులకు ఆస్తి, చదువు అర్హతల మీద ఓటు ఉండేది. తెల్ల ఓటర్ల సంఖ్య ఒక్కసారిగా రెట్టింపు కావడంతో ఆ నల్లజాతి పురుషుల ఓటు విలువ సగానికి పడిపోయింది. 1936లో ఆ ఉమ్మడి జాబితా నుంచి కూడా వారిని తొలగించారు. బ్లాక్‌వెల్ 1867లో కరపత్రంలో వేసిన లెక్క ఇక్కడ చట్టమైంది.

దీనిని ముందే పసిగట్టినవారూ ఉన్నారు. రచయిత్రి ఆలివ్ ష్రైనర్, కేప్‌లోని స్త్రీల ఓటు హక్కు సంఘం తెల్లజాతి స్త్రీలకే పరిమితమై అడుగుతున్నదని తెలిసి దానిలోంచి వైదొలగారు. మా ఇళ్లలోని స్త్రీలు జాతీయ ఎన్నికలలో ఓటు చూసింది 1984లో, అదీ భారతీయులకని విడిగా పెట్టిన సభకు. చాలామంది దానిని బహిష్కరించారు. అందరితో కలిసి వరుసలో నిలబడింది 1994లో.

కృష్ణాతీరం

నాయుడు గారి సమాచారం నాకు పూర్తిగా కొత్తది. తెలుగు సంఘం సంచికలో రావలసిన వ్యాసం అదే అనిపిస్తోంది. రాస్తారా?

నేటాల్_నాయుడు

రాస్తాను. పేరాలు లెక్కపెట్టుకుని పంపుతాను.

సందేహాలరాణి

1913 ఊరేగింపులో నల్లజాతి స్త్రీలందరినీ వెనక నడిపించారని ఒకచోట, అది కట్టుకథ అని మరొకచోట చదివాను. ఏది నిజం?

షికాగో_శారద

రెండూ పూర్తిగా నిజం కాదు. 1913 మార్చి 3న, విల్సన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేయడానికి ముందురోజు, ఆలిస్ పాల్ నాయకత్వంలో వాషింగ్టన్‌లో 5 వేలమందికి పైగా స్త్రీలు నడిచారు. నల్లజాతి స్త్రీలు తమ రాష్ట్ర బృందాలతో నడిస్తే దక్షిణాదివారు తప్పుకుంటారని నిర్వాహకులు భయపడ్డారు. షికాగోలో ఆ జనవరిలోనే ఆల్ఫా సఫ్రేజ్ క్లబ్ అనే నల్లజాతి స్త్రీల ఓటు హక్కు సంఘాన్ని స్థాపించిన వెల్స్‌ను, ఇలినాయ్ బృందం నాయకురాలు వెనక నల్లజాతివారి వరుసలో నడవమన్నారు. ఇలినాయ్ జెండా కింద తప్ప నడవనని ఆమె చెప్పి, అక్కడి నుంచి వెళ్లిపోయారు. అలిగి ఇంటికి వెళ్లారని అందరూ అనుకున్నారు. ఊరేగింపు కదిలిన తరువాత ఆమె వీధి పక్క జనంలోంచి వచ్చి తన బృందంలో కలిశారు. బెల్ స్క్వైర్, వర్జీనియా బ్రూక్స్ అనే ఇద్దరు తెల్లజాతి స్త్రీలు చెరో పక్కన నడిచారు. షికాగో పత్రికలో ఆ ముగ్గురి ఛాయాచిత్రం వచ్చింది.

అయితే మరికొందరు నల్లజాతి స్త్రీలు తమ తమ రాష్ట్రాల బృందాలలోనే నడిచారని ఆ ఏప్రిల్‌లో నల్లజాతివారి పత్రిక 'క్రైసిస్' నమోదు చేసింది. నల్లజాతివారి హోవార్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థినులు, అప్పటికి రెండు నెలల కిందట స్థాపించుకున్న తమ డెల్టా సిగ్మా థీటా సంఘం తరఫున వచ్చారు. అందరినీ వెనక్కి నెట్టారనడం, ఎదురు తిరిగి నడిచినవారిని కథలోంచి తీసివేయడమే అవుతుంది.

నల్లరేగడి

ఆ 'క్రైసిస్' పత్రికే 1915 ఆగస్టులో ఓటు హక్కు మీద నల్లజాతి ప్రముఖుల వ్యాసాలు ప్రచురించింది. వాషింగ్టన్‌లో బాలికల పాఠశాల నడిపిన నానీ హెలెన్ బరోస్ అందులో ఒక ముచ్చట రాశారు. ఓటు వస్తే నల్లజాతి స్త్రీ దానితో ఏం చేస్తుందని ఒక తెల్లజాతి స్త్రీ అడిగితే, అది లేకుండా ఏం చేయగలదు అని ఎదురడిగారట. ఈ చర్చలో అంతకన్నా తక్కువ మాటల్లో ఎవరూ జవాబు చెప్పలేదు, నాతో సహా.

సందేహాలరాణి

ఇంత జరిగినా ఇవి పాఠ్యపుస్తకాలలోకి ఎందుకు రాలేదు?

పాతసంచిక

చరిత్రను రాసిపెట్టింది ఎవరో చూస్తే తెలుస్తుంది. స్త్రీల ఓటు ఉద్యమ చరిత్ర అంటే చాలాకాలం 1881 నుంచి 1922 దాకా వెలువడిన ఆరు బృహత్ సంపుటాలే ఆధారం. వాటిని మొదలుపెట్టింది స్టాంటన్, ఆంథొనీ, మటిల్డా గేజ్. లూసీ స్టోన్ వర్గానికి ఒక్క అధ్యాయం దక్కింది. నల్లజాతి స్త్రీల సంఘాలకు అదీ దక్కలేదు. 1896లో మేరీ చర్చ్ టెరెల్ తొలి అధ్యక్షురాలిగా ఏర్పడిన నల్లజాతి స్త్రీల జాతీయ సంఘం పని, ఓటు హక్కుతో పాటు మూకహత్యలు, రైళ్లలో వేర్పాటు, శిశు పాఠశాలల వంటి అనేక విషయాల మీద సాగింది. ఓటు ఒక్కటే ఉద్యమమని గీత గీసుకున్నవారికి అది ఉద్యమంలా కనిపించలేదు.

రాజమండ్రి_రావు

ఈ కారణం నాకు నచ్చింది. వ్యక్తుల మనసులను కాక రాతను నిలదీస్తోంది.

సందేహాలరాణి

చివరి సందేహం. 1920లో సవరణ వచ్చాక అయినా తెల్లజాతి, నల్లజాతి స్త్రీలు కలిసి పనిచేశారా?

షికాగో_శారద

ఉత్తరాదిలో కొంత వరకు. దక్షిణాదిలో నల్లజాతి స్త్రీలు పేరు నమోదుకు వెళితే మగవారికి పెట్టిన తలపన్నులు, పరీక్షలే వారికీ ఎదురయ్యాయి. 1921 ఫిబ్రవరిలో ఆలిస్ పాల్ నడిపిన స్త్రీల హక్కుల పార్టీ మహాసభ జరిగినప్పుడు, ఆడీ హంటన్ నాయకత్వంలో నల్లజాతి స్త్రీల ప్రతినిధి బృందం వెళ్లి ఈ విషయం ఎత్తుకోమని కోరింది. అది జాతి సమస్య, స్త్రీల సమస్య కాదని పాల్ సమాధానం. 1865లో ఫిలిప్స్ స్టాంటన్‌కు చెప్పిన వంతుల పద్ధతి ఈసారి ఇటు నుంచి వచ్చింది.

నల్లరేగడి

ఆ సమస్య ఎవరిదీ కాకుండా 1962 దాకా ఎలా సాగిందో ఫ్యానీ లూ హేమర్ అనే నల్లజాతి స్త్రీ కథ చూస్తే తెలుస్తుంది. ఆ ఆగస్టు 31న ఆమె మరికొందరితో కలిసి బస్సులో మిస్సిసిపీలోని ఇండియనోలా కచేరీకి ఓటరుగా నమోదు కావడానికి వెళ్లారు. రాష్ట్ర రాజ్యాంగంలో ఒక క్లిష్టమైన భాగం ఇచ్చి అర్థం చెప్పమన్నారు. ఆ సంగతి గుర్రానికి క్రిస్మస్ గురించి ఎంత తెలుసో నాకూ అంతే తెలుసని ఆమె తరువాత నవ్వుతూ చెప్పేవారు. 18 ఏళ్లు పత్తి తీసిన తోట యజమాని, దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా వెళ్లిపో అన్నాడు. ఆమె ఆ రాత్రే వెళ్లిపోయారు. మరుసటి ఏడాది వినోనా జైలులో ఆమెను చావగొట్టారు. ఇటువంటి పరీక్షలకు అడ్డుకట్ట వేసిన ఓటింగ్ హక్కుల చట్టం 1965 ఆగస్టు 6న వచ్చింది.

1971లో స్త్రీల జాతీయ రాజకీయ వేదిక ఏర్పడినప్పుడు హేమర్ దాని స్థాపకులలో ఒకరు. తెల్లజాతి స్త్రీలతో కలిసి కూర్చున్నారు గాని, ఇన్నాళ్లూ దేవతలమనుకుని మా మీద బతికారని అదే ఏడాది వారి మొహం మీదే చెప్పారు.

లెక్కలమాస్టారు

ఆమె రాష్ట్రం స్త్రీల ఓటుకు సంతకం పెట్టేనాటికి ఆమె చనిపోయి ఏడేళ్లు. పట్టీలో ఇది ఏ వైపు రాయాలో పాతసంచిక గారే చెప్పాలి.

పాతసంచిక

టెనెసీ పద్దు కింద రాయండి. నన్ను అంతటితో వదలండి.